కొలను గట్టు మీద కెమెరా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నీళ్లు తోడేసిన ఈత కొలనుల్లో, ఆ ఆకారంలో కట్టిన బౌల్స్‌లో స్కేట్‌బోర్డు ఆడేవాళ్లను ఫొటో తీయడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి శాన్ హోజేలోని లేక్ కనింగ్‌హామ్ స్కేట్‌పార్కులో కొలను ఆకారపు బౌల్‌లో ఆడతాడు. గట్టు మీద నిలబడి 24-70 లెన్స్‌తో తీస్తున్నాను. కంటితో చూస్తే ఆ లోతుకు గుండె ఝల్లుమంటుంది. ఫొటోలో మాత్రం వాడేదో కాలిబాట అంచు ఎక్కినట్టు ఉంటుంది. లోపం ఎక్కడుంది? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: లోపం లెన్స్‌లో లేదు, మీరు నిలబడిన చోటులో ఉంది. గట్టు మీద నిలువెత్తున నిలబడి కిందికి చూసే కెమెరాకు గోడ ఎత్తు అందదు. గోడ, నేల ఒకే తెలుపులో కలిసిపోతాయి. పైగా ఆటంతా అంచు దగ్గరే కాబట్టి ఫ్రేము తెలియకుండానే అంచు చుట్టూ బిగుసుకుంటుంది, కింద ఉన్న లోతంతా తెగిపోతుంది.

ఈ రకం ఫొటోలో స్కేటర్ ఎంత ముఖ్యమో గోడా అంతే ముఖ్యం. అందుకని కెమెరా బయటికి తీయకముందే కొలను చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. 1950, 60 దశకాల్లో దక్షిణ కాలిఫోర్నియా ఇళ్ల పెరళ్లలో కట్టిన కొలనులైనా, వాటిని చూసి పార్కుల్లో కట్టిన బౌల్స్ అయినా పై నుంచి కిందికి వరస దాదాపు ఒకటే. అన్నిటికంటే పైన కోపింగ్. గుండ్రటి ముక్కుతో లోపలికి కాస్త పొడుచుకొచ్చిన సిమెంటు దిమ్మెల వరస అది. దాని కింద ఆరంగుళాల టైల్స్ పట్టీ. ఆ కింద కొంత మేర నిలువు గోడ. ఆ తర్వాతే వంపు, అంటే ట్రాన్సిషన్, మొదలై నేలలో కలుస్తుంది. పెరటి కొలనులో లోతు వైపు ఎనిమిది నుంచి పది అడుగులు, రెండో వైపు మూడు, మూడున్నర ఉంటుంది. లోతు వైపు గోడలో లైటు గూడు, కోపింగ్ కింద నీటి మీది చెత్తను లాగే చతురస్రపు రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రాన్ని స్కేటర్లు డెత్ బాక్స్ అంటారు. అందులో చక్రం పడితే ఆ పేరెందుకు పెట్టారో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. చూసేవాడికి ఎత్తు తెలిసేది వీటి వల్లే. డెత్ బాక్స్ మీదుగా చేసిన గ్రైండ్‌లో (బోర్డు కింది ఇరుసును కోపింగ్ మీద రాస్తూ పోవడం) ఆ రంధ్రమే ఫ్రేము బయట ఉండిపోతే, స్కేటర్ ఆ ఫొటోను మీ ముఖాన కొడతాడు.

మీ 24-70 చాలు. ఎదుటి గట్టుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చోండి, కెమెరాను కోపింగ్ ఎత్తుకు దించండి. 50, 70 మధ్య పెట్టి నిలువు ఫ్రేములో కింద నేల నుంచి పైన స్కేటర్ చేయి దాకా పట్టేలా చూసుకోండి. అతని తల మీద ఇంకో అడుగు ఖాళీ వదలండి, ఎయిర్ చేస్తే, అంటే కోపింగ్ దాటి గాలిలోకి లేస్తే, అది కావాలి.

రెండో సంగతి, అతను ఎటు తిరిగి వస్తున్నాడన్నది. గోడకు ముఖం పెట్టి తిరిగితే ఫ్రంట్‌సైడ్, వీపు పెట్టి తిరిగితే బ్యాక్‌సైడ్. ఫ్రంట్‌సైడ్ గ్రైండ్‌ను అతను ఆడుతున్న గట్టు మీద నుంచే తీస్తే ముఖం, బోర్డు అడుగు, కోపింగ్ మీద రాసుకుంటున్న ట్రక్కు (చక్రాలను పట్టి ఉంచే ఇనుప ఇరుసు) మూడూ దొరుకుతాయి. బ్యాక్‌సైడ్‌ను అక్కడి నుంచే తీస్తే వీపు తప్ప ఏమీ రాదు. దానికి ఎదుటి గట్టుకో, కొలను లోపలికో పోవాల్సిందే. చాలామంది గట్టు మీద ఒకే చోట కూర్చుని సాయంత్రమంతా తీస్తారు, సగం ఫొటోలు అలా వృథా అవుతాయి. ఏం చేయబోతున్నాడో ముందే అడగండి. స్కేటర్లకు అడిగించుకోవడం ఇష్టమే.

ప్రశ్న: ఫిష్‌ఐ లెన్స్ లేకుండా ఈ ఫొటోలు రావంటారు. నిజమేనా? ఏది కొనాలి, ఫోకస్ ఎలా? (డాలస్, టెక్సస్)

జవాబు: లేకుండానూ వస్తాయి, ఇందాక చెప్పాం కదా. కానీ అదే గట్టు మీద, స్కేటర్‌కు అతి దగ్గర నుంచి తీయాలంటే, చాలా విశాలంగా చూసే ఫిష్‌ఐకి సాటి లేదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 15 లేదా 16 ఎంఎం, చిన్న సెన్సర్‌కు సామ్‌యాంగ్ 8 ఎంఎం లాంటి చేత్తో ఫోకస్ తిప్పే లెన్స్ చాలు. ఆటోఫోకస్‌కు డబ్బు పెట్టకండి. 15 ఎంఎం లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/8 దగ్గర ఉంచి ఫోకస్‌ను ఒక మీటరు మీద పెడితే, దాదాపు అర మీటరు నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఫోకస్ రింగు కదలకుండా టేపు వేసి మరిచిపోండి.

ఫిష్‌ఐ ఫ్రేము మధ్యగా పోయే గీతను మాత్రమే తిన్నగా ఉంచుతుంది, అంచులకు పోయేకొద్దీ వంచుతుంది. కిడ్నీ ఆకారపు కొలనులో గీతలన్నీ ముందే వంపులు కాబట్టి ఈ వంకర కంటికి తగలదు, లోతు మాత్రం పెరిగినట్టు కనిపిస్తుంది. అదే లెన్స్‌ను మూలలున్న చదరపు కొలనులో వాడితే గట్టు అరటికాయలా వంగుతుంది. స్కేటర్ తల, చేతులు ఫ్రేము అంచుకు పోతే సాగిపోతాయి. అతన్ని మధ్యకు దగ్గరగా ఉంచి, అంచుల్ని గోడకు, ఆకాశానికి వదిలేయండి. మీ చెప్పులు, మీ నీడ, పక్కవాడి మోకాలు ఫ్రేములోకి వస్తాయి, తీసిన వెంటనే మూలలు చూసుకోండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ లెన్స్‌లోంచి చూస్తే అన్నీ దూరంగా ఉన్నట్టు ఉంటుంది. మీటరు అవతల ఉన్నాడనుకుంటారు, చక్రం ఇరవై సెంటీమీటర్లలో ఉంటుంది. ముందు అద్దం ఉబ్బెత్తుగా ఉండే ఈ లెన్స్‌కు మామూలు ఫిల్టరు తగిలించడం కుదరదు కాబట్టి దెబ్బ నేరుగా అద్దానికే. కన్ను కెమెరాకు పెట్టకముందే దూరం కొలిచి, చాక్‌పీసుతో గట్టు మీద గీత గీసి, లెన్స్ దాన్ని దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: తెల్లటి గోడల వల్ల ఫొటోలు బూడిద రంగులో వస్తున్నాయి. ఎక్స్‌పోజర్ పెంచితే గోడ పూర్తిగా తెల్లబడి వివరాలు పోతున్నాయి. ఫ్లాష్ పెడితే బోర్డు పక్కన దయ్యంలా ఇంకో బోర్డు కనిపిస్తోంది. (ఇర్వైన్, కాలిఫోర్నియా)

జవాబు: ఇందులో మూడు చిక్కులున్నాయి. ఒక్కొక్కటీ విడదీద్దాం.

బూడిద రంగు కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తప్పు. ఫ్రేము నిండా తెల్ల ప్లాస్టరుంటే దాన్ని మధ్యరకం బూడిదగా మార్చాలని చూస్తుంది. ఆటోలో ఉంటే ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి (ఒక స్టాపు పెంచితే వెలుతురు రెట్టింపు, తగ్గిస్తే సగం). కానీ స్కేటర్ ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా, ఆకాశం కలిసినప్పుడల్లా ఆటో లెక్క మారిపోతుంది. మాన్యువల్‌లో పెట్టుకోవడమే మేలు. నిండు ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్/8, 1/1600 షట్టర్ వేగంతో మొదలుపెట్టి గోడ ఫొటో ఒకటి తీసి, చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్ చూడండి. కుడి అంచును తాకీ తాకకుండా ఉండాలి. తాకితే 1/2000కు పోండి. తెల్ల గోడలు వెలుతురును కింద నుంచి పైకి విసురుతాయి కాబట్టి హెల్మెట్ కింద ముఖం మీరు భయపడినంత నల్లబడదు.

సాయంత్రం కొలను సగం నీడ, సగం ఎండ అవుతుంది. ఆ రెండింటికీ మధ్య మూడు స్టాపులకు తక్కువ తేడా ఉండదు. రెండింటినీ ఒకే ఫొటోలో కాపాడాలని చూడకండి. ఎండ పడే గోడ మీద ఆట పెట్టించుకుని, దానికే ఎక్స్‌పోజర్ ఇచ్చి, నీడను నల్లగా పోనివ్వండి.

ఇక దయ్యం సంగతి. చాలా కెమెరాలు ఫ్లాష్‌తో 1/250 కంటే వేగంగా పనిచేయవు. తొమ్మిదడుగుల గోడ దిగి నేల మీదికి వచ్చిన స్కేటర్ వేగం సెకనుకు ఏడు మీటర్ల దాకా ఉంటుంది, అంటే 1/250లో దాదాపు మూడు సెంటీమీటర్లు జరుగుతాడు. ఫ్లాష్ ఒక బోర్డును గడ్డకట్టిస్తుంది, పగటి వెలుతురు జరుగుతున్న బోర్డును దాని పక్కనే రాస్తుంది. మందు ఒకటే. పగటి వెలుతురును రెండు స్టాపులు తగ్గించి, స్కేటర్‌ను వెలిగించే పనంతా ఫ్లాష్‌కు వదలాలి. నిండు ఎండలో చిన్న ఫ్లాష్‌తో ఇది కాని పని. ఐఎస్ఓ 100, 1/250 దగ్గర ఎఫ్/20 పెట్టాల్సి వస్తుంది, దానికి సరిపడా వెలుగు కోసం ఫ్లాష్‌ను పూర్తి బలంతో మండించాలి. పూర్తి బలంతో మండే చిన్న ఫ్లాష్ వెలుగు సెకనులో దాదాపు తొమ్మిది వందల వంతు దాకా సాగుతుంది, మళ్లీ నిండటానికి కొన్ని సెకన్లు పడుతుంది. నీడలోనో, సూర్యుడు దిగాకనో అయితే ఐఎస్ఓ 200, 1/250, ఎఫ్/11 సరిపోతుంది. రెండు మీటర్ల దూరంలో పెట్టిన ఫ్లాష్ నాలుగో వంతు బలంతో అందుకుంటుంది, వెలుగు సాగే కాలం 1/2500కు తగ్గుతుంది. బోర్డు అంచులు అప్పుడు కత్తిలా తెగుతాయి.

ఒక ఫ్లాష్ మీ వైపు గట్టు మీద, పక్కగా, రెండోది ఎదుటి గట్టు మీద స్కేటర్ వెనక భాగాన్ని తాకేలా. రెండింటినీ రేడియో ట్రిగ్గర్లతోనే వెలిగించండి. గట్టు మీద తీగ పడి ఉంటే అది ఎవరి కాలికో తగులుతుంది. స్టాండుకు ఇసుక సంచి కట్టండి. అతను ఎక్కివచ్చే దారికి ఎదురుగా ఫ్లాష్ పెట్టొద్దు, అంచు కనబడాల్సిన క్షణంలో కళ్లు చెదురుతాయి. ఆట మొదలవకముందే ఖాళీగా రెండుసార్లు మెరిపించి ఇబ్బందిగా ఉందా అని అడగడం కనీస మర్యాద.

ప్రశ్న: నా కెమెరా సెకనుకు 10 ఫ్రేములు తీస్తుంది. అయినా సరైన క్షణం తప్పిపోతోంది. (సియాటిల్, వాషింగ్టన్)

జవాబు: పది ఫ్రేములంటే రెండింటి మధ్య సెకనులో పదో వంతు ఖాళీ. కోపింగ్ మీద సెకనుకు రెండు మీటర్ల వేగంతో రాసుకుపోతున్నవాడు ఆ ఖాళీలో ఇరవై సెంటీమీటర్లు జరుగుతాడు. వెనక ట్రక్కు దిమ్మె మీద కూర్చుని, ముందు చక్రాలు గాలిలో వేలాడే ఆ ఒక్క భంగిమ సరిగ్గా ఆ సందులోనే జారిపోతుంది. వరస ఫొటోల కోసం బర్స్ట్ వాడండి, ఒక్క మంచి ఫొటో కావాలంటే ఒకేసారి నొక్కండి.

చెవి పెట్టడం నేర్చుకోండి. ప్లాస్టరు మీద చక్రాల మోత సన్నగా ఉంటుంది, టైల్స్ పట్టీ తగలగానే గరగరమంటుంది, ట్రక్కు దిమ్మెను తాకగానే బొంగురు రాపిడి వస్తుంది. ఆ రాపిడి విన్నాక నొక్కితే ఆలస్యం అయిపోయినట్టే. మనిషి స్పందనకే సెకనులో అయిదో వంతు పడుతుంది, కెమెరా ఆలస్యం దానికి అదనం. టైల్స్ గరగర వినగానే నొక్కండి. ఎయిర్ తేలిక, పై కొసన క్షణం పాటు ఆగినట్టవుతాడు, 1/500 కూడా సరిపోతుంది.

మిర్రర్‌లెస్ కెమెరా అయితే నిశ్శబ్దంగా పనిచేసే ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేయండి. సెన్సర్‌ను పై నుంచి కిందికి చదివేలోపు బోర్డు జరిగి వంకరపోతుంది. ఎక్కువ కెమెరాల్లో ఆ షట్టర్‌తో ఫ్లాష్ అసలు పలకదు.

ఇంకొక్క మాట. ఫొటో ఎంత బాగున్నా అతను పడిపోయాడంటే అది చూపించే ఫొటో కాదు. తిరిగి లోపలికి దిగి బోర్డు మీదే బయటపడితేనే ఆ ఫొటోకు విలువ. ఇది స్కేట్‌బోర్డు ఫొటోగ్రఫీలో పాత కట్టుబాటు, మేమూ దాని వైపే.

ప్రశ్న: ఇలాంటి ఫొటోలు అసలు ఎప్పుడు, ఎందుకు మొదలయ్యాయి? (విజయవాడ)

జవాబు: చక్రం, కరువు కలిసిన చోట. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ కాడిలాక్ పేరుతో యూరేథేన్ చక్రాలు తెచ్చాడు. పాత మట్టి చక్రాల్లా జారకుండా అవి గోడను పట్టుకున్నాయి. 1976, 77ల్లో కాలిఫోర్నియాను కరువు పట్టింది. నీటి మీద ఆంక్షలు రావడంతో ఎన్నో పెరటి కొలనులు ఎండిపోయాయి. శాంటా మోనికా, వెనిస్ ప్రాంతపు సర్ఫింగ్ కుర్రాళ్లు అలల మీద చేసే మలుపుల్ని ఆ గోడల మీద చేశారు. క్రెయిగ్ స్టెసిక్, గ్లెన్ ఇ. ఫ్రీడ్‌మన్, స్కేట్‌బోర్డర్ పత్రికలో వారెన్ బోల్‌స్టర్ ఆ ఆటను ఫొటోల్లో పట్టారు. ఫ్రీడ్‌మన్ అప్పటికి బడి వయసు కుర్రాడు. శాంటా మోనికాలో డాగ్‌బౌల్ అనే కొలనులో 1977లో స్కేటర్ టోనీ ఆల్వా కోపింగ్ దాటి గాలిలోకి లేచిన ఫొటో అతను తీసిందే. హ్యూ హాలండ్ అదే కుర్రాళ్లను సాయంత్రపు ఎండలో సినిమా నెగెటివ్ ఫిల్మ్ మీద తీశాడు. ఆ ఫొటోల్లోని గోధుమ వన్నె కొంత ఎండది, కొంత ఆ ఫిల్మ్‌ది.

వాళ్ల చేతిలోని ఫిల్మ్ వేగం గుర్తుంచుకుంటే ఆ ఫొటోల మీద గౌరవం పెరుగుతుంది. కొడాక్రోమ్ 64తో నిండు ఎండలో 1/500 కావాలంటే ఎఫ్/5.6 పెట్టాలి. సాయంత్రమైతే ఇంకా తెరవాలి. అందుకే క్షణాన్ని ఎంచుకోవడం వాళ్లకు సరదా కాదు, గత్యంతరం లేని పని.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ కొలనును బాగుచేయడానికి ఖాళీ చేశారు. మా పిల్లల స్కేట్‌బోర్డు ఫొటోలు అందులో తీయొచ్చా? (కొండాపూర్, హైదరాబాద్)

జవాబు: వద్దు. మన అపార్ట్‌మెంట్ కొలనులు చాలావరకు పెట్టె ఆకారం. గోడ, నేల తొంభై డిగ్రీల మూలలో కలుస్తాయి. ఎక్కడానికి వంపే లేదు, చక్రం వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. పైగా నేల నుంచి గట్టు దాకా గాజు మొజాయిక్ పలకలు. వాటి మీద చక్రానికి పట్టు ఉండదు, ఊడిన పలక అంచు చేతిని కోస్తుంది. వానాకాలమైతే ఇంకో చిక్కు. ఖాళీ కొలను కింద ఊటనీరు చేరితే అది కొలనును పైకి నెడుతుంది, నేల పగలొచ్చు. అందుకే మేస్త్రీలు పని కాగానే నింపేయాలని తొందరపడతారు. పిల్లల్ని స్కేట్‌పార్కుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: ఇక్కడ చదువుకుంటున్నాను. ఫ్రెస్నో వైపు తాళం వేసిన ఇళ్లలో ఖాళీ కొలనులు ఉంటాయని, గోడ దూకి వెళ్లి తీద్దామని మిత్రులు పిలుస్తున్నారు. వెళ్లొచ్చా? (ఫ్రెస్నో, కాలిఫోర్నియా)

జవాబు: వెళ్లకండి. 2008 తర్వాత బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లతో ఆ ఊరు పెరటి కొలనుల ఆటకు పేరుపడింది, అది నిజమే. కానీ అనుమతి లేని ప్రవేశం కాలిఫోర్నియా శిక్షాస్మృతి 602వ సెక్షన్ కింద నేరం, కెమెరా పట్టుకున్నవాడికి మినహాయింపు లేదు. వీసా మీద ఉన్నవాళ్లకు అది అక్కడితో ఆగదు. తర్వాత వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే ప్రశ్న ఉంటుంది. శిక్ష పడకపోయినా అరెస్టయితే అవుననే రాయాలి.

యజమాని ఒప్పుకున్న కొలను దొరికితే ఆ మాటను ఈమెయిల్‌లోనైనా రాయించుకోండి. ఆ తర్వాత అసలు పని ఉంటుంది. పెరటి కొలనులో పదిహేను నుంచి ఇరవై వేల గ్యాలన్ల నీళ్లు పడతాయి. రెండంగుళాల పెట్రోలు పంపుతో రెండు మూడు గంటలు. అడుగున మిగిలే బురదను పంపు లాగదు, పారతో బకెట్లలోకి ఎత్తాలి. నీటిని ఎటు వదలాలో నగరపాలక సంస్థను కనుక్కోండి. క్లోరిన్ నీళ్లు వాననీటి కాలువలోకి పోతే జరిమానా పడొచ్చు. ఆ తర్వాత రెండుసార్లు ఊడ్చి, డ్రెయిన్ మూతను చదునుగా బిగించాలి. పెసర గింజంత రాయి చాలు, చక్రం ఆగి మనిషి ముందుకు పడతాడు.

ప్రశ్న: కొలను లోపల నిలబడి తీయడం ప్రమాదమా? (ఫీనిక్స్, ఆరిజోనా)

జవాబు: ప్రమాదమే, కానీ జాగ్రత్తలున్నాయి. మనిషి పడిపోయినా బోర్డు ఆగదు, గోడ దిగి నేరుగా లోతైన చోటికి వస్తుంది. కాబట్టి లోతు మధ్యలో కూర్చోకండి. తక్కువ లోతు వైపు ఏటవాలు మొదలయ్యే చోట, అతని దారికి పక్కగా, ఒక మోకాలు మీద ఉండండి, లేవడానికి వీలుంటుంది. హెల్మెట్ మీకూ కావాలి. రెండో కన్ను మూయకండి. కెమెరా పట్టీని మెడలో వదులుగా వేలాడనివ్వకుండా ముంజేతికి చుట్టండి. అతను రెండు మూడుసార్లు ఊరికే తిరిగి దారి చూపించాకే లోపలికి దిగండి. దారి మారుస్తానంటే మీరు బయటికి రావాలి, ఈ ఒప్పందం ముందే జరగాలి. పార్కుల్లో అయితే సిబ్బందిని అడగకుండా దిగొద్దు.

ప్రశ్న: ఫోనుతో వస్తాయా? (గుంటూరు)

జవాబు: ఎండలో వస్తాయి. విశాలంగా చూసే 0.5 లెన్స్ పెట్టి, ఫోనును తలకిందులుగా తిప్పి లెన్స్‌ను కోపింగ్ ఎత్తుకు దించండి, బర్స్ట్ తీయండి. హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే ఆపేయండి, అది రెండు మూడు ఫ్రేములు కలిపేటప్పుడు బోర్డుకు రెండు అంచులు వస్తాయి. సూర్యుడు దిగాక ఫోను జేబులో పెట్టుకోవచ్చు.